ఆసుపత్రిలో చేరాక కూడా సగం మంది ఎందుకు చనిపోయారు? పెరూ కోవిడ్ లెక్కల మీద చర్చ

కృష్ణాతీరం (విజయవాడ)

అందరికీ నమస్కారం. నేను ప్రజారోగ్యంలో పీజీ చేస్తున్నాను. పేద ప్రాంతాల్లో కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరినవాళ్లలో ఎవరు బతికారు, ఎవరు పోయారు, ఎందుకు అన్నది నా సెమినార్ అంశం.

పెరూ రాజధాని లిమాలో కయెతానో ఎరెదియా అనే పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. 2020 తొలి వేవ్‌లో అక్కడ చేరిన 369 మంది వివరాలను అక్కడి డాక్టర్లు విశ్లేషించారు. వాళ్లలో దాదాపు సగం మంది, కచ్చితంగా చెప్పాలంటే 49.59 శాతం, ఆసుపత్రిలోనే చనిపోయారు. వయసు 60 దాటితే ప్రమాదం 1.9 రెట్లు. అది ఎక్కడైనా ఊహించేదే. నన్ను ఆపేసింది ఇంకో లెక్క. చేరేటప్పటికి ఆక్సిజన్ శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 90 పైన ఉన్నవాళ్లతో పోలిస్తే, 81-84 మధ్య ఉన్నవాళ్లకు మరణ ప్రమాదం 4.4 రెట్లు, 80 లేదా ఆ లోపు ఉన్నవాళ్లకు 7.7 రెట్లు. వయసు కంటే ఇది ఎంతో పెద్ద సంఖ్య.

నా ప్రశ్న: శాచురేషన్‌ను షుగర్, బీపీల పక్కన ఇంకో కారణంగా రాయడం సరైనదేనా? లేక దాని వెనక ఇంకేదైనా ఉందా? వార్డుల్లో పనిచేసినవాళ్లు చెబితే బాగుంటుంది.

మత్తుడాక్టర్ (విశాఖపట్నం)

మంచి ప్రశ్న. నేను మత్తు విభాగంలో పనిచేస్తాను, రెండు వేవ్‌లూ ఐసీయూలోనే గడిచాయి.

ముందు శాచురేషన్ గురించి. వేలికి పెట్టే మీటరులో 97 నుంచి 91కి దిగితే ఆరు అంకెలే కదా అనిపిస్తుంది. కానీ ఆ లోపే రక్తంలో ఆక్సిజన్ పీడనం చాలా పడిపోయి ఉంటుంది. 90 దిగాక ఇక జారుడే, పీడనం కొంచెం తగ్గినా మీటరు గబగబా కిందికి పోతుంది. కోవిడ్‌లో ఇంకో ఇబ్బంది ఉంది. ఊపిరి ఆడటం లేదన్న బాధ మనిషికి ఎక్కువగా కార్బన్ డయాక్సైడ్ పేరుకోవడం వల్ల తెలుస్తుంది. కోవిడ్ తొలి దశలో చాలామందిలో అది పేరుకోదు. 82 శాచురేషన్‌తో కూర్చుని ఫోన్‌లో మాట్లాడుతున్నవాళ్లను చూశాం. ఇంట్లోవాళ్లకు "బాగానే ఉన్నాడు" అనే కనిపిస్తుంది.

ఇప్పుడు మీ ప్రశ్నకు జవాబు. 80తో వచ్చిన మనిషి ఆ రోజు పొద్దున 80కి దిగినవాడు కాకపోవచ్చు. ఊపిరితిత్తులు రోజుల తరబడి దెబ్బతింటూ ఉన్నాయి, ఆ తక్కువ ఆక్సిజన్‌తోనే గుండె, కిడ్నీ, మెదడు నెట్టుకొస్తున్నాయి. కాబట్టి ఆ అంకెలో జబ్బు తీవ్రత ఉంది, దాంతోపాటు ఎంత ఆలస్యంగా వచ్చాడన్నదీ ఉంది. షుగర్‌ను ఆసుపత్రి గేటు దగ్గర మార్చలేం. ఆలస్యాన్ని మార్చొచ్చు. సెమినార్‌లో ఈ రెండిటినీ ఒకే వరుసలో పెట్టొద్దని నా సలహా.

లెక్కలమాస్టారు (హైదరాబాద్)

డాక్టర్ గారు చెప్పింది బాగుంది. స్టాటిస్టిక్స్ వైపు నుంచి ఒక జాగ్రత్త.

ఈ పరిశీలనలన్నీ ఆసుపత్రిలో చేరినవాళ్ల మీద చేసినవి. పడకలు పుష్కలంగా ఉన్న ఊళ్లో శాచురేషన్ 93 ఉన్నా చేర్చుకుంటారు. పడకలు లేని ఊళ్లో 85 ఉంటే గానీ లోపలికి రానివ్వరు. ఈ రెండు ఊళ్ల ఆసుపత్రి మరణాల శాతాన్ని పక్కపక్కన పెట్టి "ఇక్కడ 20, అక్కడ 50, అక్కడి డాక్టర్లకు చేతకాదు" అంటే అన్యాయం. చేరేవాళ్లే వేరు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. గేటు దాకా రాలేక ఇంట్లోనే పోయినవాళ్లు ఈ లెక్కలో ఎక్కడా లేరు. అంటే పేద ప్రాంతంలో ఆసుపత్రి శాతం ఒక వైపు ఎక్కువగా కనిపిస్తుంది, ఇంకో వైపు అసలు నష్టంలో పెద్ద భాగం దాని బయటే మిగిలిపోతుంది. పెరూయే దీనికి సాక్ష్యం. అక్కడి ప్రభుత్వం నిపుణుల కమిటీ వేసి రికార్డులన్నీ తిరగేయించి, 2021 మే 31న కోవిడ్ మరణాల సంఖ్యను 69,342 నుంచి ఒక్కసారిగా 1,80,764కి సవరించింది. సుమారు మూడు కోట్ల ముప్పై లక్షల జనాభా ఉన్న దేశం అది. జనాభాతో పోల్చితే ప్రపంచంలోనే అత్యధిక మరణాలు నమోదైన దేశం అయింది.

అండీస్‌తెలుగు (ప్రస్తుతం బెంగళూరు)

ఆ సవరణ ప్రకటించిన రోజు నేను లిమాలోనే ఉన్నాను. ఒక గనుల కంపెనీకి సాఫ్ట్‌వేర్ పని మీద వెళ్లి మహమ్మారి మొత్తం అక్కడే గడిపాను. నా పక్కింటివాళ్లెవరూ ఆ సంఖ్య చూసి ఆశ్చర్యపోలేదు. పాత సంఖ్యను వాళ్లు ఎప్పుడూ నమ్మలేదు.

లిమాలో ఆక్సిజన్ నింపే చోట్ల రాత్రంతా లైన్లు ఉండేవి. ఖాళీ సిలిండర్‌ను పక్కన పెట్టుకుని దుప్పటి కప్పుకుని రోడ్డు మీదే నిద్రపోయేవారు. ఆసుపత్రిలో పడక లేదు కాబట్టి ఇంట్లోనే ఆక్సిజన్ పెట్టుకునేవాళ్లు. సిలిండర్ ధర ఎన్నో రెట్లు పెరిగింది. అప్పు చేసి కొన్నవాళ్లు మనిషి పోయాక కూడా ఆ అప్పు కడుతున్నారు.

ఇంకో విషయం ఇక్కడ చెప్పాలి. పెరూలో పాత నిబంధన ప్రకారం మెడికల్ ఆక్సిజన్ స్వచ్ఛత 99 శాతం ఉండాలి. గాలి నుంచి అక్కడికక్కడే ఆక్సిజన్ తీసే చిన్న ప్లాంట్లు 93 శాతం ఇస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని ఒప్పుకుంటుంది. కానీ ఈ నిబంధన వల్ల ఆసుపత్రులు అలాంటి ప్లాంట్లు పెట్టుకోకుండా పెద్ద కంపెనీల మీదే ఆధారపడ్డాయి. 2020 జూన్‌లో అత్యవసరంగా సడలించారు, అప్పటికే చాలామంది పోయారు. ఇకితోస్ అని అమెజాన్ అడవిలో ఒక ఊరు ఉంది, మిగతా దేశం నుంచి దానికి రోడ్డే లేదు, పడవలోనో విమానంలోనో వెళ్లాలి. అక్కడ ఆక్సిజన్ అయిపోతే ఒక చర్చి ఫాదర్ జనం దగ్గర చందాలు వసూలు చేసి ప్లాంటు కొనిపించారు. ఒక మనిషి బతకడం చందా మీద ఆధారపడటం నేను మర్చిపోలేను.

మీ శాచురేషన్ లెక్కకు సంబంధించి ఒక మాట. లిమా సముద్రం ఒడ్డున ఉంది కాబట్టి ఆ అంకెలు మనకూ వర్తిస్తాయి. అదే దేశంలో పూనో లాంటి ఊళ్లు 3,800 మీటర్ల ఎత్తులో ఉన్నాయి. అక్కడ ఆరోగ్యంగా ఉన్న మనిషికే శాచురేషన్ 90 దరిదాపుల్లో ఉంటుంది. అక్కడి అంకెలను తెచ్చి లిమా అంకెలతో కలపకూడదు.

కృష్ణాతీరం

చాలా థాంక్స్ అండీ. ఎత్తు విషయం తప్పకుండా రాసుకుంటాను. 99, 93 శాతాల గొడవ ఇక్కడ ఎవరి నోటా వినలేదు.

సిస్టర్ పద్మ (మన్యం జిల్లా)

నేను స్టాఫ్ నర్సుని. ఊరు, ఆసుపత్రి పేరు చెప్పను.

డాక్టర్ గారు ఆలస్యం అన్నారు. ఆ ఆలస్యం ఎలా ఉంటుందో చెబుతాను. 2021 మేలో మా దగ్గరికి కొండ మీది ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు. జ్వరం వచ్చిన మొదటి రోజుల్లో ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్. తగ్గినట్టే ఉంటుంది. మళ్లీ వస్తుంది. అప్పుడు పీహెచ్‌సీ. అక్కడ ఆక్సిజన్ లేదు, ఏరియా ఆసుపత్రికి పొమ్మంటారు. కొన్ని ఊళ్ల నుంచి రోడ్డు దాకా డోలీలో మోసుకు రావాలి. తర్వాత ఆటోనో, దొరికితే 108నో. మా దగ్గరికి వచ్చేసరికి శాచురేషన్ 70లో ఉండేది. పెదవులు నల్లబడిపోయి ఉండేవి. కాజువాలిటీలో మాస్క్ పెట్టేలోపే ప్రాణం పోయినవాళ్లు ఉన్నారు. వాళ్లను చేరినట్టు రాయాలా, చనిపోయి వచ్చినట్టు రాయాలా అని రిజిస్టర్ దగ్గర వాదన జరిగేది. మాస్టారు గారూ, ఆ ఒక్క గీత మీద మీ శాతం మారిపోతుంది.

వార్డులో ఏం జరిగిందో కూడా చెప్పాలి. సంచి ఉన్న మాస్క్ పెట్టి నిమిషానికి 15 లీటర్లు ఇస్తే, పెద్ద సిలిండర్, అంటే డి టైపు, సుమారు 7,000 లీటర్లది, ఒక్క మనిషికి ఎనిమిది గంటలు కూడా రాదు. చిన్నది, బి టైపు 1,500 లీటర్లది, గంట నలభై నిమిషాల్లో ఖాళీ. రాత్రి వార్డు మొత్తానికి ఇద్దరం. పీపీఈలో చెమటకు కళ్లద్దాలు మసకబారి ఫ్లోమీటర్ మీద అంకె కనిపించేది కాదు. ఏ సిలిండర్ ఎప్పుడు అయిపోతుందో చేతి మీద పెన్నుతో రాసుకునేవాళ్లం. కుటుంబం లోపలికి రాకూడదు కాబట్టి పక్కన మనిషి లేరు. బాత్రూమ్‌కి వెళ్లాలని మాస్క్ తీసి లేచి నడుస్తారు, తిరిగి మంచం దాకా రాలేరు. తెల్లవారుజామున జరిగే మరణాల్లో ఇవి చాలా ఉన్నాయి. కేస్‌షీట్‌లో మాత్రం "షుగర్, వయసు 58, కోవిడ్ న్యుమోనియా" అని ఉంటుంది. బాత్రూమ్ గురించి ఎక్కడా ఉండదు.

బెడ్‌పాన్ ఇచ్చి, గట్టిగా కేకలేసి మాస్క్ తీయనివ్వని మంచాల్లో ఎక్కువమంది బతికారు. ఇది నేను కళ్లారా చూసింది.

మత్తుడాక్టర్

సిస్టర్, మీరు రాసింది ప్రతి పీజీ చదవాలి. నర్సు ఒక్కరికి ఎంతమంది పేషెంట్లు అన్నది కూడా మరణ కారణాల పట్టికలో ఒక వరుసగా ఉండాలని నేను ఎప్పటి నుంచో అంటున్నాను. బోర్లా పడుకోబెట్టడం పైసా ఖర్చు లేని వైద్యం, కానీ లావుపాటి మనిషిని తిప్పాలంటే నలుగురు కావాలి. ఆ నలుగురు లేకపోవడమే పేద ఆసుపత్రి.

పాతబాటసారి (వరంగల్)

అందరూ క్షమించాలి, నాది వేరే అభిప్రాయం. పేదరికం, పడకలు అంటూ జబ్బులను పక్కన పెట్టకండి. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది షుగర్, బీపీ ఉన్నవాళ్లే. మన జనం షుగర్‌ను పట్టించుకోరు, అసలు సంగతి అది. రేపు ఇంకో మహమ్మారి వస్తే మొదట కాపాడేది షుగర్ కంట్రోలే.

లెక్కలమాస్టారు

బాటసారి గారూ, మీ మాటలో సగం బలం మన దగ్గరి లెక్కల్లోనే ఉంది. ఆంధ్రప్రదేశ్, తమిళనాడు తొలి వేవ్ సమాచారంతో 2020లో 'సైన్స్' అనే పత్రికలో ఒక పెద్ద పరిశీలన వచ్చింది. చనిపోయినవాళ్లలో సుమారు 63 శాతం మందికి ఏదో ఒక పాత జబ్బు ఉంది, 45 శాతం మందికి షుగర్.

కానీ అదే లెక్కను తిప్పి చూడండి. మూడో వంతుకు పైగా మందికి ఏ పాత జబ్బూ నమోదు కాలేదు. నమోదు కాలేదు అంటే లేదని అర్థం కాదు, పల్లెల్లో షుగర్ ఉందని తెలియకుండానే బతికేవాళ్లు ఎంతమందో మీకు తెలుసు. షుగర్ ఉందని తెలియకపోవడం, తెలిసినా మందు కొనలేకపోవడం కూడా పేదరికంలో భాగమే. అదే పరిశీలనలో ఇంకొకటి ఉంది. చనిపోకముందే పరీక్షలో బయటపడినవాళ్లలో సగం మంది పరీక్ష జరిగిన ఆరు రోజుల్లోపే పోయారు. అమెరికాలో ఆసుపత్రిలో చేరినవాళ్లకు ఆ వ్యవధి దాదాపు రెండు వారాలు. మన దగ్గర జబ్బు తొందరగా చంపింది అనుకోవడం కంటే, మనం ఆలస్యంగా కనుక్కున్నాం అనుకోవడమే నాకు సబబుగా తోస్తుంది.

పాతబాటసారి

మాస్టారు గారూ, మా తమ్ముడికి 46 ఏళ్లు. షుగర్ లేదు, బీపీ లేదు. పడక కోసం ఊరంతా తిరిగాం. దొరికిన చోట అర్ధరాత్రి ఆక్సిజన్ ప్రెషర్ తగ్గిందన్నారు. అందుకే ఈ టాపిక్ చదువుతున్నాను. అయినా షుగర్ మాట వదలను. ఇంట్లో మిగిలినవాళ్ల చేతిలో ఉన్నది అదే కదా.

గోదారిగట్టు (రాజమహేంద్రవరం)

బాటసారి గారూ, మీ తమ్ముడి గురించి విని చాలా బాధేసింది.

ప్రెషర్ అంటే గుర్తొచ్చింది. 2021 మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ట్యాంకర్ రావడం ఆలస్యమై ఆక్సిజన్ ప్రెషర్ పడిపోయింది. 11 మంది చనిపోయారని అప్పుడు అధికారులే చెప్పారు. పైపు చివర మంచాల్లో ఉన్నవాళ్లకు ఏ వయసైతే ఏంటి, ఏ జబ్బు ఉంటే ఏంటి?

ఇంకో సందేహం. సిస్టర్ గారు ఆర్‌ఎంపీ ఇంజెక్షన్ అన్నారు. స్టెరాయిడే కదా. పెద్ద ఆసుపత్రిలోనూ ఇచ్చింది అదే కదా. మరి తప్పెక్కడ?

మత్తుడాక్టర్

తప్పు సమయంలో ఉంది. బ్రిటన్‌లో రికవరీ ట్రయల్ అని జరిగింది, 2020 జూన్‌లో ఫలితం చెప్పారు. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ రోజుకు 6 మిల్లీగ్రాములు, పది రోజుల దాకా. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో 28 రోజుల మరణాలు 41.4 శాతం నుంచి 29.3కి తగ్గాయి. ఆక్సిజన్ మాత్రమే అవసరమైనవాళ్లలో 26.2 నుంచి 23.3కి. ఆక్సిజన్ అవసరమే లేనివాళ్లలో లాభం లేదు, పైగా మందు తీసుకున్నవాళ్లలో 17.8, తీసుకోనివాళ్లలో 14 శాతం పోయారు. ఇది అతి చవకైన మందు, పేద దేశాలకు దొరికిన వరం. కానీ జ్వరం వచ్చిన రెండో రోజే ఇస్తే వైరస్‌ను ఎదుర్కోవాల్సిన శరీరాన్ని అణచిపెట్టినట్టు. జ్వరం తగ్గుతుంది, మనిషి బాగైందనుకుని ఇంట్లో ఉండిపోతాడు, లోపల ఊపిరితిత్తులు పాడవుతూ ఉంటాయి. షుగర్ మూడు నాలుగు వందలు దాటుతుంది. 2021లో మనం చూసిన బ్లాక్ ఫంగస్‌కు పెద్ద కారణాలు ఈ రెండే, అదుపు తప్పిన షుగర్, మోతాదు మించిన స్టెరాయిడ్. అప్పుడు యాంఫోటెరిసిన్ ఇంజెక్షన్ కోసం జనం ఎలా తిరిగారో అందరికీ గుర్తుంది.

జోబర్గ్‌ఫార్మసిస్ట్ (జోహన్నెస్‌బర్గ్)

ఆఫ్రికా గురించి ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నాను. పది ఆఫ్రికా దేశాల్లోని 64 ఆసుపత్రుల ఐసీయూల్లో 2020 మే నుంచి డిసెంబరు వరకు 3,140 మందిని గమనించి 2021లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వేశారు. 30 రోజుల్లో 48.2 శాతం మంది చనిపోయారు. కారణాల్లో వయసు, షుగర్, కిడ్నీ జబ్బు, కాలేయ జబ్బుతో పాటు హెచ్‌ఐవీ ఉంది. అన్నిటికంటే ముఖ్యంగా, పడక లేక చేర్చుకోవడంలో జరిగిన ఆలస్యాన్ని కూడా వాళ్లు ఒక కారణంగా లెక్కగట్టి చూపించారు. కృష్ణాతీరం గారూ, మీకు కావలసింది ఇదే అనుకుంటా. ఐసీయూకి రెఫర్ చేసినవాళ్లలో సగానికి కొంచెం ఎక్కువ మందికే లోపల చోటు దొరికింది. మూడింట రెండు వంతుల ఆసుపత్రుల్లో డయాలసిస్ మెషిన్ ఉంది, కానీ అది అందింది పదిమందిలో ఒకరికి. మెషిన్ ఉంటే సరిపోదు, నడిపే మనిషి, ఫిల్టర్లు, నీళ్లు అన్నీ ఉండాలి.

కేప్‌టౌన్ ఉన్న వెస్టర్న్ కేప్ రాష్ట్రంలో చేసిన ఇంకో పెద్ద విశ్లేషణలో హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు కోవిడ్ మరణ ప్రమాదం రెండు రెట్లు, ఆ సమయంలో టీబీ ఉన్నవాళ్లకు సుమారు 2.7 రెట్లు అని తేలింది. టీబీ ఎక్కువగా ఉన్న దేశం మనది. ధనిక దేశాల పట్టికల్లో టీబీ వరుసే ఉండదు. వాటిని కాపీ చేసి ఇక్కడ వాడితే మనవాళ్ల ప్రమాదం లెక్కలోకి రాదు.

కృష్ణాతీరం

ఇదే వెతుకుతున్నాను! ఆలస్యాన్ని నేరుగా కొలిచిన పరిశీలన దొరకదేమో అనుకున్నాను. ఒకే దేశంలో పేద ప్రాంతాన్నీ ధనిక ప్రాంతాన్నీ పోల్చినది ఏదైనా ఉందా? వైద్య విధానం ఒకటే ఉండి ప్రాంతం మారితే ఏమవుతుందో చూడాలి.

లెక్కలమాస్టారు

బ్రెజిల్ చూడండి. 2020 ఫిబ్రవరి నుంచి ఆగస్టు వరకు ఆసుపత్రుల్లో చేరిన మొదటి రెండున్నర లక్షల మంది రికార్డులు. అందరికీ ఉచిత ప్రభుత్వ వైద్యం ఉన్న దేశం. మొత్తం మీద ఆసుపత్రి మరణాలు 38 శాతం. వెంటిలేటర్ పెట్టినవాళ్లలో 80 శాతం పోయారు. అరవై ఏళ్ల లోపు వాళ్లను మాత్రమే తీసుకుంటే, ధనికమైన దక్షిణ ప్రాంతంలో 15 శాతం, పేదదైన ఈశాన్యంలో 31 శాతం. వయసు తేడా అని చెప్పడానికి ఇక్కడ తావు తక్కువ. చేరేవాళ్ల తీవ్రత వేరన్న నా పాత జాగ్రత్త ఇక్కడా వర్తిస్తుంది, కానీ రెట్టింపు తేడా మొత్తాన్ని అది మింగేస్తుందని నేను అనుకోను.

ఆ తర్వాత 2021 జనవరిలో మనావుస్. అమెజొనాస్ రాష్ట్రం మొత్తానికి ఐసీయూ ఉన్న ఊరు అదొక్కటే. జనవరి 14న ఆసుపత్రుల్లో ఆక్సిజన్ అయిపోయింది. పేషెంట్లను విమానాల్లో వేరే రాష్ట్రాలకు తరలించారు, పక్క దేశం వెనెజువెలా నుంచి ట్యాంకర్లు వచ్చాయి. కొత్త గామా వేరియంట్ కూడా అక్కడే పుట్టింది కాబట్టి ఎన్ని మరణాలు వైరస్ వల్ల, ఎన్ని ఆక్సిజన్ వల్ల అని విడదీయడం కష్టం.

అండీస్‌తెలుగు

సెమినార్‌లో ఆక్సీమీటర్ లోపం గురించి కూడా ఒక లైను పెట్టండి. 2020 డిసెంబరులో అమెరికా నుంచి వచ్చిన పరిశోధన ప్రకారం, మీటరు 92-96 చూపిస్తున్నా రక్త పరీక్షలో 88 లోపు ఉన్నవాళ్లు నల్లజాతివాళ్లలో 11.7 శాతం, తెల్లవాళ్లలో 3.6 శాతం. చర్మం రంగు ముదురుగా ఉంటే మీటరు ఎక్కువ చూపించే అవకాశం ఉంది. మన చర్మాలకూ ఇది పట్టించుకోవాల్సిన విషయమే.

మత్తుడాక్టర్

అవును. అందుకే ఒక్క అంకె చూసి ఇంటికి పంపొద్దు. ఆరు నిమిషాలు నడిపించి మళ్లీ చూడాలి, నడక తర్వాత నాలుగు పాయింట్లు పడితే చేర్చుకోవాలి. నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నాడో కూడా లెక్కపెట్టాలి. దానికి వాచీ చాలు, అయినా చాలా కేస్‌షీట్లలో అందరికీ ఒకే అంకె రాసేస్తారు.

కృష్ణాతీరం

సిస్టర్ గారూ, చివరిగా మిమ్మల్ని ఒకటి అడగాలి. మా కాలేజీ అనుబంధ ఆసుపత్రి పాత కేస్‌షీట్లు చూస్తున్నాను. చేరేటప్పటి శాచురేషన్ 94 అని ఉన్నవాళ్లు కూడా మర్నాడే పోయారు. ఆ 94 మామూలు గాలి మీద తీసిందా, 108లో ఆక్సిజన్ పెట్టుకుని వచ్చాక తీసిందా అన్నది ఎక్కడా లేదు. మీ దగ్గర ఎలా రాసేవారు?

సిస్టర్ పద్మ

మొదట్లో మేమూ రాయలేదు. తర్వాత మా మత్తు డాక్టర్ మేడమ్ పట్టుబట్టి, శాచురేషన్ పక్కన "గాలి" అనో, "10 లీటర్లు" అనో ఎన్ని లీటర్ల మీద తీశామో అది రాయించారు. 108 వాళ్లు ఎక్కించేటప్పటి అంకె వాళ్ల కాగితంలో ఉంటుంది, దాన్ని కేస్‌షీట్‌కి పిన్ కొట్టి ఉంచేవాళ్లం. మీ పాత షీట్ల వెనక ఆ కాగితం ఉందేమో వెతకండి. లేకపోతే నర్సుల నోట్స్ చూడండి, డాక్టర్ల పేజీలు కాదు. రాత్రి ఏ టైముకి ఎన్ని లీటర్లకు పెంచామో అందులో రాసి ఉంటుంది. మేం అది తప్పక రాస్తాం, లేకపోతే సిలిండర్ లెక్క తేలదు.